గేరు జారుతోందా? ఎప్పుడు జారుతోంది?



మీ ఇంట్లో పాత ఆటోమేటిక్ కారు నడిపే వాళ్లు ఎవరైనా ఉంటే, ఈ కాసేపు రేడియో దగ్గరికి పిలవండి. ఇవాళ ఒకే ఒక్క జబ్బు గురించి మాట్లాడుకుందాం. గేరు జారడం గురించి.

షెడ్డుకొచ్చే వాళ్లు ఈ జబ్బును రకరకాలుగా చెబుతుంటారు. "రేజింగ్ ఇస్తే సౌండు వస్తోంది గానీ బండి కదలట్లేదండీ" అంటారు ఒకరు. "ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజను ఒక్కసారిగా గుయ్యిమంటోంది, కాసేపటికి దబ్బున అందుకుంటోంది" అంటారు ఇంకొకరు. చాలా చోట్ల వాళ్లకు వచ్చే జవాబు మాత్రం ఒక్కటే. "గేరుబాక్సు దింపాలి సార్." ఆ మాటతో మనిషికి కాళ్లు చేతులు ఆడవు. ఎందుకంటే పాత బండికి బాక్సు దింపి బాగు చేయిస్తే, ఆ ఖర్చు ఒక్కోసారి బండి ధరకు దగ్గరగా పోతుంది.

నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే. బాక్సు దింపేముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. ఎప్పుడు జారుతోంది? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, గంట నడిచాకా? ఎక్కుడులోనా, మలుపులోనా? ఒక్క గేరులోనా, అన్నింట్లోనా? ఈ "ఎప్పుడు" అన్నది చెప్పగలిగితే రోగం సగం దొరికినట్టే. అది బండి నడిపే మీకే తెలుస్తుంది. మెకానిక్ ఎంత పనిమంతుడైనా, మీరు చెప్పందే అతనికి తెలియదు.

ముందు, జారడమంటే ఏమిటో తేల్చుకుందాం. స్టీరింగు వెనకాల రెండు ముళ్లుంటాయి. ఒకటి వేగం చూపిస్తుంది. రెండోది ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపిస్తుంది. దాన్ని ఆర్‌పీఎం మీటరంటాం. మీరు యాక్సిలరేటరు తొక్కారు. ఆర్‌పీఎం ముల్లు ఎగిరింది, వేగం ముల్లు ఉన్నచోటే ఉంది. అదీ జారడమంటే. మరి రెండు ముళ్లూ లేవకపోతే? అది జారడం కాదు. ఇంజనుకే బలం లేదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు పంపు చూసుకోవాలి. మళ్లీ చెబుతున్నాను. ఇంజను అరిచి బండి కదలకపోతే గేరు జారుతోంది. ఇంజనే అరవకపోతే తప్పు ఇంజనుది. "పికప్ లేదు" అన్న ఒక్క మాటలో ఈ రెండూ కలిసిపోతాయి. అందుకే షెడ్డులో ఆ మాట వాడకండి. ముల్లు ఏం చేసిందో చెప్పండి.

ఇంకో సంగతి. నేను మాట్లాడేది టార్క్ కన్వర్టరు ఉన్న బండ్ల గురించి. అదేమిటో కాసేపట్లో చూద్దాం. 2008 ప్రాంతంలో వచ్చిన ఐ10 ఆటోమేటిక్, అప్పటి హోండా సిటీ ఆటోమేటిక్, కొరోలా ఆల్టిస్ లాంటివి. అమెరికాలో చదువుకునే మన పిల్లలు చవగ్గా కొనుక్కునే పాత కామ్రీలు, అకార్డులు కూడా చాలా వరకు ఈ కోవలోవే. 2014లో సెలేరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీ బండ్ల సంగతి వేరు. వాటిలో ఉన్నది మామూలు గేరుబాక్సే. క్లచ్ తొక్కే పని మన కాలికి బదులు యంత్రం చేస్తుంది, అంతే. అది జారితే క్లచ్ ప్లేటు చూసుకోవాలి. కాబట్టి మీ బండి ఏ రకమో ముందు తెలుసుకోండి.

ఇక లోపల ఏం జరుగుతుందో కాస్త చూద్దాం. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. దాని నిండా ఆయిలు. ఇంజను వైపు రెక్కలు ఆ ఆయిల్ని విసురుతాయి. ఆ తోపుకు ఎదురుగా ఉన్న రెక్కలు తిరుగుతాయి. అదే టార్క్ కన్వర్టరు. జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన అది. ఆయన దాన్ని ఓడల కోసం చేశాడు, కార్లలోకి తర్వాతెప్పుడో వచ్చింది. దాని వెనక గేర్లు, క్లచ్‌లు. ఒక్కో క్లచ్‌లో పల్చటి ప్లేట్లు దొంతరగా ఉంటాయి. ఆయిలు ప్రెషరుతో ఆ దొంతరను నొక్కితే ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, గేరు పడుతుంది. ప్రెషరు చాలకపోయినా, ప్లేట్లు అరిగిపోయినా పట్టు దొరకదు. జారుతుంది.

చూశారా, అంతా ఆయిలు మీదే నడుస్తోంది. బలం మోసేది ఆయిలే. క్లచ్ నొక్కేది ఆయిలే. వేడి లాగేదీ ఆయిలే. అందుకే మొదటి పరీక్ష ఆయిలుకే. బాక్సుకు కాదు.

అయితే ఆయిలు దగ్గరికి పోయేముందు, లేని జబ్బుకు భయపడకుండా రెండు మాటలు. ఓవర్‌టేక్ చెయ్యడానికి కాలు గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ఒక్కసారిగా ఎగురుతుంది. అది బండి కింది గేరులోకి దిగడం. వెంటనే వేగం కూడా అందుకుంటుంది. జబ్బేమీ కాదు. అలాగే హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు టార్క్ కన్వర్టరు లోపల ఒక చిన్న క్లచ్ పడి ఇంజన్నూ బాక్సునూ నేరుగా కలుపుతుంది. లాకప్ అంటారు. కాలు కొంచెం నొక్కితే అది వదిలేస్తుంది, ఆర్‌పీఎం ఓ రెండు మూడు వందలు లేస్తుంది. దీన్ని చూసి గేరు జారిందని బెంగపడేవాళ్లు చాలామంది. బెంగ అక్కర్లేదు. కొన్ని బండ్లలో లివరు పక్కనే ఓవర్‌డ్రైవ్ బటన్ ఉంటుంది. పిల్లలెవరో నొక్కేస్తారు. డాష్‌బోర్డులో ఓ.డి. ఆఫ్ అని వెలుగుతుంది. ఆఖరి గేరు పడదు, హైవేలో ఇంజను రొద పెడుతుంది. బటన్ మళ్లీ నొక్కితే సరి.

ఇప్పుడు ఆయిలు.

బండిని చదునైన చోట పెట్టండి. కనీసం పావుగంట నడిపిన బండి అయివుండాలి, ఆయిలు వేడెక్కి ఉండాలి. హ్యాండ్‌బ్రేకు వెయ్యండి. బ్రేకు మీద కాలు పెట్టి లివరును ప్రతి గేరులోకీ మెల్లగా తిప్పి, మళ్లీ పార్కులోకి తీసుకురండి. తర్వాత గేరుబాక్సు డిప్‌స్టిక్ తీయాలి. ఇంజన్ ఆయిలు స్టిక్ వేరు, ఇది వేరు. చాలా బండ్లలో ఇంజను నడుస్తుండగానే చూడాలి. హోండా పాత బండ్లలో మాత్రం ఇంజను ఆపి, నిమిషం నిమిషంన్నర లోపల చూడాలి. తేడా వస్తే లెక్క తప్పుతుంది. అందుకని బండితో ఇచ్చిన పుస్తకం ఒకసారి తిరగెయ్యండి. కొన్ని బండ్లకు అసలు డిప్‌స్టిక్కే ఉండదు. వాటిని లిఫ్టు మీద ఎక్కించి చూడాల్సిందే, ఇంట్లో కుదరదు.

స్టిక్ తీశాక గుడ్డతో తుడిచి పారేయకండి. ఒక తెల్లకాగితం తెచ్చుకోండి. దాని మీద రెండు చుక్కలు వెయ్యండి. వెలుతురులో చూడండి. మంచి ఆయిలు ఎర్రగా, అవతలిది కనిపించేంత తేటగా ఉంటుంది. ఎరుపు దాని సొంత రంగు కాదు, ఇంజన్ ఆయిలు నుంచి వేరుగా తెలియాలని వేసిన రంగు. వాడేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. అంతవరకూ పర్లేదు. చుక్క నల్లగా ఉండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడు వాసన కొట్టిందంటే, ప్లేట్ల పూత కాలిందన్నమాట. చుక్క ఎండాక మధ్యలో నల్లటి నలుసులు మిగిలినా అదే అర్థం. లేత గులాబీ రంగులో పాలు కలిసినట్టు చిక్కగా ఉంటే రేడియేటరు నీళ్లు గేరుబాక్సులోకి వచ్చాయి. అప్పుడు బండిని ఒక్క అడుగు కూడా నడపకండి. నీళ్లు తగిలితే ప్లేట్ల పూత ఊడిపోతుంది. ఇక స్టిక్ మీద నురగ ఉంటే, ఎవరో ఆయిలు ఎక్కువ పోశారు. ఎక్కువైనా జారుతుంది. గాలి బుడగలున్న ఆయిలు క్లచ్‌ను గట్టిగా నొక్కలేదు.

మరి ఆయిలు తక్కువగా ఉంటే? ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గేరుబాక్సు ఆయిలు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఇంజన్ ఆయిల్లా కొంచెం కొంచెం కాలిపోయేదీ కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. అవును, తగ్గిందంటే కారుతోందనే అర్థం. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరచండి. పొద్దున ఎర్ర మరక ఎక్కడ పడిందో చూడండి. ముందు చక్రం దగ్గరైతే యాక్సిల్ ఆయిల్ సీలు. బాక్సు అడుగునైతే ఆయిల్ పాన్ ప్యాకింగు. రేడియేటరు దగ్గరైతే ఆయిల్ని చల్లబరిచే కూలర్ పైపు. ఇవన్నీ బాక్సు విప్పకుండా అయ్యే పనులు. సీలు మార్చి, సరైన ఆయిలు సరైన మట్టానికి పోస్తే జారడం మానేసిన బండ్లున్నాయి. కారుతున్నప్పుడే పట్టుకుంటేనే సుమా. ఆయిలు తక్కువతో నెలల తరబడి తిప్పితే ప్లేట్లు కాలిపోతాయి, అప్పుడు సీలు మార్చినా లాభం ఉండదు.

ఆయిలు మట్టం బాగుంది, రంగు బాగుంది, అయినా జారుతోంది. ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఎప్పుడు?

పొద్దున్నే మొదటిసారి డ్రైవులో పెడితే రెండు మూడు సెకన్లు బండి కదలదు. వేడెక్కాక బాగానే ఉంటుంది. ఇది లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడ్డ లక్షణం. చల్లగా ఉంటే అవి ప్రెషరును ఆపలేవు, వేడికి కాస్త మెత్తబడి ఆపుతాయి. లివరు మార్చాక గేరు అందుకోవడానికి సెకను, మహా అయితే సెకనున్నర పట్టాలి. అంతకు మించితే రాసి పెట్టుకోండి.

దీనికి భిన్నంగా, చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక జారితే? వేడికి ఆయిలు పల్చబడుతుంది. అరిగిన ఆయిలు పంపు, అరిగిన వాల్వులు ఆ పల్చటి ఆయిలును ప్రెషరుతో నిలబెట్టలేవు. తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కింది మలుపుల్లో బాగానే ఉండి, పైకి పోయేకొద్దీ ఇంజను అరుస్తోందంటే, బరువూ వేడీ కలిసి లోపలి బలహీనతను బయటపెట్టాయన్నమాట. ఇది కాస్త పెద్ద జబ్బే.

మలుపు తిరిగేటప్పుడు, గట్టిగా బ్రేకు కొట్టి మళ్లీ కాలు తొక్కినప్పుడు మాత్రమే జారితే? అడుగున ఉన్న ఆయిలు ఒక పక్కకు ఒరిగిపోయి పంపుకు అందట్లేదు. మళ్లీ మట్టం చూడండి. నూటికి తొంభై పాళ్లు ఆయిలు తక్కువే.

అన్ని గేర్లలో, రివర్సులో కూడా జారుతోంటే తప్పు అందరికీ ఉమ్మడిగా ఉండే చోట ఉంది. ఆయిలు, ఫిల్టరు, పంపు, టార్క్ కన్వర్టరు. ఒక్క గేరులోనే జారితే ఆ గేరుకు పనిచేసే క్లచ్, లేదా దానికి ఆయిలు పంపే సోలినాయిడు వాల్వు. ముందుకు బాగా పోయి రివర్సులోనే జారినా, ఇదే లెక్క. ఇంకో చిన్న పరీక్ష. డ్రైవులో బయల్దేరేటప్పుడు జారుతోంది, అదే లివరును ఎల్ అన్న చోట పెడితే గట్టిగా పోతోంది. చాలా నాలుగు గేర్ల బాక్సుల్లో ఇది ఒకవైపే తిరిగే చిన్న క్లచ్ పాడైందని చెబుతుంది. ఎల్‌లో బాక్సు లోపలి వేరే బ్రేకు వచ్చి ఆ పని చేస్తుంది కాబట్టి జారదు. చూడండి, స్పానర్ ముట్టుకోకుండా ఎంత తెలిసిపోయిందో.

అరవై, డెబ్బై వేగంలో నిలకడగా పోతుంటే బండి గతుకుల మీద పోతున్నట్టు ఓ రెండు సెకన్లు అదిరిందనుకోండి. అది లాకప్ క్లచ్ సరిగా పట్టక అదరడం కావచ్చు. ఖాళీ రోడ్డు మీద అలా అదురుతున్నప్పుడు, యాక్సిలరేటరు వదలకుండా బ్రేకు పెడలును ఎడమ కాలితో తగిలీ తగలనట్టు తాకండి. లాకప్ వదిలేస్తుంది. అదురు ఆగితే అనుమానం నిజమే. చాలాసార్లు సరైన ఆయిలు మార్చగానే తగ్గుతుంది. వెనకాల బండ్లు ఉంటే మాత్రం ఈ పరీక్ష చెయ్యకండి.

ఈ సంగతులన్నీ ఓ చిన్న పుస్తకంలో రాయండి. తేదీ, చల్లనా వేడా, ఏ గేరు, ఎక్కుడా దిగుడా. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అదే రోడ్డులో తీసుకెళ్లండి.

షెడ్డులో ఇంకా రెండు మూడు పరీక్షలున్నాయి. స్కానరు పెడితే బాక్సులోకి వచ్చే వేగం, బయటికి పోయే వేగం రెండూ కనిపిస్తాయి. గేరుకు తగ్గట్టు లేకపోతే కంప్యూటరు పీ 0730 అనే కోడు వేస్తుంది. 2013 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఈ స్కానింగు ఏర్పాటు తప్పనిసరి. అంతకుముందు వచ్చిన చాలా కార్లలో కూడా ఉంది. ప్రెషరు గేజి పెట్టి చూడడం ఇంకా మంచి పరీక్ష. ఇక స్టాల్ టెస్టని ఒకటుంది. బ్రేకు తొక్కిపట్టి, డ్రైవులో పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కుతారు. ఐదు సెకన్లు దాటితే లోపల ఆయిలు ఉడికిపోతుంది. బ్రేకు జారితే బండి ఎదుటివాళ్ల మీదికి పోతుంది. ఇంటి దగ్గర ఎవరూ చెయ్యొద్దు. చెయ్యొద్దని మళ్లీ చెబుతున్నాను.

ఇప్పుడు చాలామంది అడిగే మాట. "పాత బండికి గేరు ఆయిలు మారిస్తే బాక్సు పోతుందంటారు, నిజమా?" ఆయిలు మార్చిన వారానికే బాక్సు పోయిన బండ్లున్న మాట వాస్తవం. అయితే వాటిలో చాలావాటి ప్లేట్లు అప్పటికే అరిగిపోయాయి, జారడం మొదలయ్యాకే ఆయిలు గుర్తొచ్చింది. చనిపోయే ముందు వైద్యుడు వచ్చాడని వైద్యుడి మీద నింద వేసినట్టు. నా అభిప్రాయం ఇది. ఆయిలు మాడు వాసన రాకుండా, రంగు మారి మాత్రమే ఉంటే తప్పకుండా మార్చండి. మెషిన్ పెట్టి ప్రెషరుతో కడిగించకండి. అడుగు బిరడా తీసి, కారినంత కారనిచ్చి, అంతే కొలిచి పోయించండి. సగం కూడా బయటికి రాదు, మిగతాది టార్క్ కన్వర్టరులో ఉండిపోతుంది. పర్లేదు. కొన్ని వారాలు నడిపి మళ్లీ ఒకసారి అలాగే చెయ్యండి.

ఆయిలు మాత్రం ఆ బాక్సుకు చెప్పిన రకమే పోయాలి. హ్యుందాయ్ పాత నాలుగు గేర్ల బాక్సులకు ఎస్పీ-3 రకం. హోండాకు హోండా చెప్పినది. "ఎర్రగా ఉంటే చాలు, అన్నీ ఒకటే" అనే వాళ్ల మాట వినకండి. ప్లేట్లు ఎంత మెత్తగా, ఎంత గట్టిగా పట్టుకోవాలో ఆ ఆయిల్లో కలిపిన పదార్థాలే తేలుస్తాయి. 1970ల మొదటి వరకూ అమెరికాలో ఈ పని కోసం స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. తిమింగలం సరుకును నిషేధించాక, దాని బదులు సరైన రసాయనం కుదుర్చుకోవడానికి కంపెనీలు నానా తిప్పలు పడ్డాయి. ఆ కొంచెం పదార్థానికి అంత విలువ ఉంది.

ఆయిల్ పాన్ విప్పినప్పుడు మీరు పక్కనే నిలబడండి. అడుగున చిన్న అయస్కాంతాలుంటాయి. వాటికి బూడిద రంగులో మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే వయసుకు తగ్గ అరుగుదలే. వేళ్ల మధ్య పట్టుకుంటే గుచ్చుకునే ఇనప రేకులు, పాన్ అడుగున ఇత్తడి తళుకులు ఉంటే బాక్సు దింపాల్సిందే. అప్పుడు "దింపాలి సార్" అన్న మాట న్యాయమైన మాట, ఒప్పుకోండి.

దింపాక పాత ప్లేట్లు చూపించమనండి. చేతిలోకి తీసుకోండి. కొత్త ప్లేటుకు రెండు వైపులా దళసరి కాగితం లాంటి పూత ఉంటుంది. నిజంగానే అందులో కాగితపు పీచు ఉంటుంది. కాలిన ప్లేటు మీద అది నల్లగా నిగనిగలాడుతుంది, గోరుతో గీరితే ఊడొస్తుంది. పక్కనున్న స్టీలు ప్లేటు మీద వేడికి నీలం మచ్చలు పడి ఉంటాయి. ఒక్క క్లచ్ కాలిందా, అన్నీ కాలాయా అన్నది అక్కడే తేలుతుంది. ఒక్కటే కాలితే, అది ఎందుకు కాలిందని అడగండి. ప్లేట్లు మార్చి సీళ్లు, వాల్వులు అలాగే వదిలేస్తే కొత్త ప్లేట్లూ కాలతాయి. కూలరూ, దాని పైపులూ కడిగించడం మరిచిపోవద్దు. పాత నలుసులు అక్కడే దాక్కుని, కొత్త ఆయిల్లోకి వచ్చేస్తాయి.

చివరగా ఒక్క జాగ్రత్త. జారుతున్న బండిని ఇంటిదాకా ఎలాగో లాగించేద్దాం అనుకోకండి. జారిన ప్రతిసారీ వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకొంచెం పూత కాలుతుంది. ఎక్కుడులో బండిని బ్రేకుతో ఆపండి, యాక్సిలరేటరుతో పట్టి ఉంచకండి. ఇక కదలలేని స్థితి వస్తే, తాడు కట్టి లాగించకండి. ఇంజను ఆగి ఉంటే లోపలి పంపు తిరగదు, చక్రాలు తిరుగుతుంటే బాక్సుకు ఆయిలు అందదు. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాలే నడుస్తాయి కాబట్టి, ముందు చక్రాలు పైకెత్తే బండినైనా, మొత్తం బండిని ఎక్కించుకునే ట్రక్కునైనా పిలిపించండి. వచ్చినవాడికి ఆటోమేటిక్ బండి అని ముందే చెప్పండి.